డూప్ అని రాసిన టైర్లు

సినిమావాళ్లు మా షాపుకు రావడం కొత్తేమీ కాదు. రహమత్ నగర్‌లో మా నాన్న థామస్ పెట్టిన టైర్ల షాపు ఇది. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. తగలబెట్టడానికో, గుట్టగా పోసి విలన్ అడ్డా కట్టడానికో పాత టైర్లు కావాలని ఫిల్మ్ నగర్ నుంచి ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. పాత టైర్లు అడిగేవాళ్లతో నాకేం పేచీ లేదు. కొత్తవి అడిగేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. వాళ్లకు కావలసింది టైరు కాదు, టైరు మొహం.

హరిణి అనే అమ్మాయి కూడా అలాగే వచ్చింది. కో-డైరెక్టరట. మర్యాదస్తురాలు, చెప్పులు బయట విప్పి మరీ లోపలికొచ్చింది. టైర్ల షాపులో చెప్పులు విప్పిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఫోన్‌లో పోస్టరు చూపించింది. హీరో సృజన్ ఒక బండరాయి మీద ఎత్తయిన బైకు నిలిపి ఆకాశంకేసి చూస్తున్నాడు. తారు రోడ్డు మీదా నడిచి, రాళ్లలోకీ దిగే రకం బండి అది. టైర్లకు మాత్రం బొటనవేలంత గుబ్బలున్నాయి. మా బజారులో వాటిని బటన్ టైర్లంటారు.

“ఎగ్జాక్ట్‌గా ఇవే కావాలక్కా. ఫస్ట్ లుక్ రిలీజైపోయింది. ఫ్యాన్స్ జూమ్ చేసి చూస్తారు. టైరు మారితే ట్రోల్ చేసి చంపేస్తారు.”

“ఎక్కడ నడుపుతారమ్మా వీటిని?”

“జూబ్లీహిల్స్‌లో ఒక డౌన్ ఉందక్కా. వర్షంలో ఆ రోడ్డు మీద స్పీడ్‌గా దిగొచ్చి, మలుపు తిరిగి, కాంపౌండ్ వాల్ పగిలిన చోట నుంచి రాళ్లలోకి వెళ్లిపోవాలి. కట్ లేదు. సింగిల్ షాట్.”

“తడి రోడ్డు మీద ఈ టైర్లతోనా? రోడ్డు మీద వాడరాదని వీటి పక్క అంచు మీదే అచ్చేసి ఉంటుంది, చదువుకో. మట్టిలో గుచ్చుకోవడానికి పుట్టిన గుబ్బలమ్మా ఇవి. తారు మీద గుచ్చుకోవడానికేముంది? తడిస్తే సబ్బు మీద నిలబడ్డట్టే. మలుపులో బండి వంచాడంటే మనిషొక దిక్కు, బండొక దిక్కు. ఇంతకీ నడిపే మహానుభావుడెవరు?”

“డూప్ అక్కా. జేవియర్ గారని, చాలా సీనియర్.”

ఆ జేవియర్ గారు నా మొగుడు.

చేతిలో ఉన్న గాలి పైపు కింద పడేశాను. అది బుస్సుమంటూ షాపంతా తిరిగింది. ఆ అమ్మాయికి సంగతి తెలిశాక మొహం పాలిపోయింది. “సారీ అక్కా, నాకు తెలీదు” అని రెండు చేతులూ పట్టుకుంది. తెలియకపోవడంలో ఆమె తప్పేముంది? నాకే తెలియదుగా. ఇంట్లో ఆ మహానుభావుడు “చిన్న రైడింగ్ షాటే” అని చెప్పి ఊరుకున్నాడు.

జేవియర్ ఎడమ మోకాలు సంగతి ముందే చెప్పాలి. పాత సినిమా ఒకదాంట్లో జీపు మీద నుంచి పడి విరిగిందది. లోపల స్టీలు కడ్డీలు వేసి నిలబెట్టారు. “ఇంకొక్కసారి ఈ కాలు మీద పడ్డావా, నా దగ్గరికి రాకు. అప్పుడు కాలు ఉంచే డాక్టర్ ఎవరూ ఉండరు” అని ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు. అప్పటి నుంచి జేవియర్ బండెక్కిన ప్రతిసారీ నా కళ్లు ఆ మోకాలి మీదే ఉంటాయి.

ఆ రాత్రి అన్నం పెట్టకుండానే అడిగాను.

“చిన్న షాటంటే ఇదా?”

“పెద్దదని చెబితే పోనిచ్చేదానివా?” అన్నాడు నవ్వుతూ. గుంటూరు కథోలికుల నవ్వు అది. ఫాదర్ చెవిలో పాపసంకీర్తనం చేసేస్తే పాపం పోయిందన్న ధీమా. మేం లూథరన్లం, మాకంత తేలిగ్గా మనశ్శాంతి దొరకదు.

“మానెయ్యండి.”

“మానేస్తే ఇంకొకడు చేస్తాడు జెరూషా. వాడికి నీలాంటి పెళ్లాం ఉండదు. ఆ బటన్ టైర్లతోనే దూకి చస్తాడు. నేనైతే నువ్వున్నావు. టైర్లు నువ్వెంచు, నేను నడుపుతాను. మన ఒప్పందమేగా.”

ఒప్పందం నిజమే. మోకాలు విరిగిన తర్వాత మేం రాసుకోకుండా చేసుకున్న ఒప్పందం. బండికి బ్రేకులు, చైను, క్లచ్చు ఆయన చూసుకుంటాడు. నేల తాకేదంతా నాది. నేను బిగించిన టైరును ఆయన వంగి కూడా చూడడు. మొదట్లో చూసేవాడు. “నా మీద నమ్మకం లేకపోతే మీరే బిగించుకోండి” అని ఒకసారి నేను కయ్యిమన్నాక ఆ చూడడం మానేశాడు. మొగుడు అలా నమ్మడం ఏ పెళ్లానికైనా గొప్పే. నాకూ గొప్పగానే ఉండేది.

మర్నాడు హరిణి మళ్లీ వచ్చింది. రోడ్డు మీద షూటింగుకు పర్మిషన్ కావాలంటే బండికి రోడ్డు టైర్లే ఉండాలన్నారట. నా మాట, ఆ మాట ఒక్కటయ్యేసరికి డైరెక్టరు దిగొచ్చాడు. పోస్టరులో టైర్లు కంప్యూటర్లో మార్పిస్తామన్నారు. కానీ ఒక మెలిక పెట్టారు. సినిమాలో బండ్లు రెండు. ఒకటి హీరో బండి, రెండోది డూప్ బండి. రెండూ అచ్చు గుద్దినట్టు ఉండాలి, టైర్లతో సహా.

“హీరో బండి ఎంత దూరం నడుస్తుంది?” అన్నాను.

“అస్సలు నడవదక్కా. స్టాండ్ మీద నిలబెట్టి క్లోజప్ తీస్తాం. బాబు కూర్చుంటారు, ఫ్యాన్ పెడతాం, రెయిన్ పడుతుంది. అంతే.”

ఎంచడం మొదలుపెట్టాను. సగం తారుకు, సగం మట్టికి పనికొచ్చేవి కావాలి. గుబ్బలు ఉండాలి, కానీ పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉండాలి. నడి మధ్యవి ఒకదానికొకటి కలిసి ఉంటే తారు మీద పట్టు దొరుకుతుంది. అంచున ఉన్నవి విడివిడిగా ఉంటే రాళ్ల మధ్య మన్ను కరుస్తాయి. నీళ్లు పక్కకు పోవడానికి దారులుండాలి. రబ్బరు గట్టిపడని కొత్త సరుకై ఉండాలి. ఇన్నీ కుదిరి, పైగా రోడ్డు మీద తిరగనిచ్చే ముద్ర ఉన్న టైర్లు, ఆ బండి సైజులో, నగరమంతా ఫోన్లు చేస్తే ఒక్క జతే దొరికింది. రెండో జత రావాలంటే హీరో డేట్లు అయిపోతాయన్నారు.

ఆ జతను షాపులో గోడకు ఆనించి బొటనవేలితో నొక్కి చూశాను. గుబ్బ కాస్త వంగి, వెంటనే లేచి నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త రబ్బరు వాసన ఘాటుగా కొట్టింది. జేవియర్ మోకాలికి ఇంతకంటే మంచి కాపలా దొరకదనిపించింది. నిజం చెబుతున్నాను, ప్రార్థన కూడా చేశాను.

రెండో జత సమస్యకు సుబ్రహ్మణ్యం గారు మందు కనిపెట్టారు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో తలపండిన మనిషి. ఫిల్మ్ నగర్ వెనక, షేక్‌పేటకు దిగే దారిలో ఆయన షెడ్డు. థర్మకోల్‌తో కోటలు, ఫైబరుతో దేవుళ్లు చేసే చెయ్యి. ఒక జత నిజం టైర్లిస్తే, వాటిని చూసి రెండో జత తయారు చేస్తానన్నారు. హీరో బండి ఎలాగూ కదలదు కదా అన్నారు. అది సబబుగానే తోచింది. నా టైర్లు నమూనాకని షెడ్డుకు పంపాను. “పనయ్యాక వీటిని జేవియర్ బండికి నేనే బిగిస్తాను, ఇంకెవరూ ముట్టుకోవద్దు” అని హరిణికి చెప్పాను. “మీరే బిగించండక్కా, శుక్రవారం షూట్, గురువారం సాయంత్రం వచ్చెయ్యండి” అంది.

పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని బుధవారం మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. లోపల రెండు జతలూ పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. గుమ్మంలోనే ఆగిపోయాను. ఏది నాదో తెలియలేదు! పుట్టినప్పటి నుంచి టైర్ల మధ్య పెరిగినదాన్ని, నాకే తెలియలేదు. దగ్గరికెళ్లి వేలితో నొక్కితే గానీ పట్టుకోలేకపోయాను. ఒక జత గుబ్బలు వేలి కింద బండలా ఉన్నాయి. అరిగి బోడిగుండైన పాత టైర్లకు, చెప్పుల అడుగుకు వేసే రబ్బరు షీటు ముక్కలు కోసి, అంటించి, నలుపు పూసి, దుమ్ము కూడా చల్లారాయన.

“ఎలా ఉన్నాయి తల్లీ?” అన్నారు. ఆ మొహంలో వెలుగు చూస్తే ఏమంటాం?

“పైన పటారం, లోన లొటారం బాబాయ్ గారూ.”

“మా బతుకే అది” అని పడీ పడీ నవ్వారు. “నీళ్లు పోసినా ఊడవు, చూడు. నిలబడ్డంత సేపూ ఏమీ కాదు.”

“నడిస్తే?”

“నడవడమెందుకమ్మా, నడిచే బండికి నీవి ఉన్నాయిగా.”

అప్పుడు చూశాను, రెండు జతలకూ చిన్న తెల్ల చీటీలు రాసి దారంతో కట్టి ఉన్నాయి. నా టైర్లకు ‘ఒరిజినల్’ అని, ఆయన చేసినవాటికి ‘డూప్’ అని.

“ఇదేంటండీ, డూప్ అని రాశారు?”

“మరేమని రాయను? మా భాషలో అసలు కానిదల్లా డూపే. డూప్ కత్తి, డూప్ నగ, డూప్ టైరు.”

“డూప్ మొగుడు” అన్నాను.

“ఛ, ఆయన డూప్ కాదమ్మా, డూప్ గారు!” అని మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చీటీ తిప్పి ఇంకోసారి చదివాను.

“తారుమారు కావు కదండీ?”

“కాకూడదనే కదా తల్లీ రాసి పెట్టింది!”

బయటికొచ్చాను. షెడ్డు వెనక గుట్ట మీద కొత్తగా లేస్తున్న మేడకోసం బండలు పగలగొడుతున్నారు. ఒక్కో పేలుడుకు షెడ్డు రేకులు గలగలమంటున్నాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. స్కూటరు స్టార్టు చేశాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. వెనక్కి వెళ్లి నా టైర్లు నాతో తీసుకుపోదామా అనిపించింది. ఇంకా నలుపు సరిచూసుకోవాలన్నారు కదా, పెద్దాయన పని పాడు చెయ్యడమెందుకని వచ్చేశాను.

గురువారం పొద్దున జేవియర్ రిహార్సలని చెప్పి బయల్దేరాడు. రిహార్సల్ ముందురోజే అయిపోయింది, పాత రోడ్డు టైర్లతో, పొడి రోడ్డు మీద. ఇవాళ మళ్లీ ఏమిటంటే, “పిలిచారు, వెళ్తున్నా” అన్నాడు. గుమ్మం దిగేటప్పుడు ఎడమ కాలు కాస్త ఈడ్చాడు. చలిగాలికి అలా అవుతుంది. “సాయంత్రం టైర్లు బిగించడానికి వస్తాగా, అక్కడే కలుద్దాం” అన్నాను.

షాపులో ఒక ఆటోకి పంక్చరు చూస్తుంటే ఫోన్ మోగింది. చంటి. ఆ సినిమా కంపెనీ బండ్లన్నీ చూసుకునే మెకానిక్. బోరబండ కుర్రవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పని శ్రద్ధగా చేస్తాడు, చెయ్యకపోతే నిద్రపట్టని రకం.

“అక్కా, డూప్ బండిల గాలి ఎంత పెట్టాలె? తడి రోడ్డు, మల్ల రాళ్లలకు దిగుతది. నువ్వైతే కరెక్ట్ చెప్తవని చేసిన.”

“గాలా? ఇప్పుడెందుకు? షూటింగ్ రేపు కదా?”

“లేదక్కా, ఇయ్యాలనే. బాబుకు రేపు వేరే పనున్నదట, ముందటికి జరిపిండ్రు. పొద్దుగాల మూడింటికి ఫోన్ చేసి లేపిండ్రు నన్ను. ట్యాంకర్లు గిట్ల వచ్చినయ్. ఒక్క గంటల షాట్ అయిపోతది.”

“టైర్లు ఎవరు బిగించారు?”

“నేనే బిగించిన. హరిణి మేడం గాడ కాలనీ వాళ్లతోని కొట్లాడుతుంది, నిన్ను పిలిచేంత టైం లేదన్నరు.”

“ఏ టైర్లు బిగించావు చంటీ? సరిగ్గా చూసి చెప్పు.”

“డూప్‌వి అక్కా. చీటీ చూసి మరీ బిగించిన. ఫికర్ చెయ్యకు.”

డూప్‌వి. జేవియర్‌వి. హమ్మయ్య అనుకున్నాను. రాళ్లలోకి దిగాలి కనుక మామూలుకంటే కొంచెం తగ్గించి పెట్టమని గాలి చెప్పాను. “సరే అక్కా” అని పెట్టేశాడు. ఆటో డ్రైవరు “అయిందా అక్కా?” అని అడిగాడు. ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచాను. నీళ్లలోంచి బుడగలు వస్తుంటే చూస్తూ, చంటి అన్న మాటే లోపల మళ్లీ వినిపించింది. చీటీ చూసి మరీ బిగించిన.

చీటీ మీద జేవియర్ పేరు లేదు. చీటీ మీద డూప్ అని ఉంది.

ట్యూబు తొట్టిలోనే వదిలేశాను. చంటికి చేశాను, స్విచ్చాఫ్. టేకు ముందు ఫోన్లన్నీ ఆపించేస్తారు. జేవియర్ ఫోను కాస్ట్యూమ్ వాళ్ల దగ్గర మోగుతుంది, ఎవరూ ఎత్తరు. హరిణిది మోగి మోగి ఆగిపోయింది. సుబ్రహ్మణ్యం గారు ఎత్తి “షెడ్డులో ఉన్నానమ్మా, టైర్లా? పొద్దున్నే వచ్చి నాలుగూ పట్టుకెళ్లారు” అన్నారు. నేను సంగతి చెప్పాను. “అయ్యో, అయ్యో” అనడం ఒక్కటే వినిపించింది.

స్కూటరెక్కాను. యూసుఫ్‌గూడ దాటేసరికి కృష్ణానగర్ దగ్గర ట్రాఫిక్ ఆగి ఉంది. హారన్ కొడుతూ, ఫుట్‌పాత్ ఎక్కి, తిట్లు తింటూ వెళ్లాను. చెక్‌పోస్ట్ దగ్గర ఎర్ర లైటు పడితే ఆగలేదు. దేవుడితో బేరం పెట్టాను, తిట్టాను, బతిమాలాను. జేవియర్ ఆ గుబ్బలు ఒక్కసారి నొక్కి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఒక్కసారి వంగితే చాలు. వంగడు. నేనెంచినవేనని అనుకుంటాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడు నా అరుపు నాకే వినిపించింది, పక్క కారులోంచి ఎవరో అద్దం దించి చూశారు.

లొకేషన్ దగ్గర రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. ఎండ కాస్తోంది, మలుపు అవతల మాత్రం వాన కురుస్తోంది. ట్యాంకరు నీళ్ల వాన. నున్నటి నల్ల రోడ్డు మీద నీళ్లు జలజలా కిందికి పారుతున్నాయి. రోడ్డు పక్కన మేడల బాల్కనీల్లో జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. “గీడ ఆగాలె మేడం, టేక్ నడుస్తుంది” అన్నాడు సెక్యూరిటీ. తాడు కింద నుంచి దూరాను.

పెద్ద గొడుగు కింద హీరో బండి స్టాండు మీద నిలబడి ఉంది. సృజన్ దాని మీద కూర్చుని ఉన్నాడు, ఎవరో ఆయన జుట్టు తడుపుతున్నారు. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూలబడి గుబ్బను బొటనవేలితో నొక్కాను. వంగింది. లేచి నిలబడింది.

“సెల్ఫీనా అక్కా? షాటయ్యాక తీసుకుందాం” అన్నాడు సృజన్, మెత్తగానే.

నేను లేచి “ఆపండి!” అని అరిచాను. నా అరుపూ, మైకులో “యాక్షన్” అన్న అరుపూ ఒకేసారి వచ్చాయి. మైకు నాకంటే పెద్దది.

పై నుంచి ఇంజను శబ్దం వచ్చింది. హీరో వేసుకున్న చొక్కాయే వేసుకుని, హీరో జుట్టే పెట్టుకుని జేవియర్ వానలోకి దిగాడు. ఎంత అందంగా నడుపుతాడో ఆయన! ఆ క్షణంలో కూడా నాకది కనిపించింది. రోడ్డు మధ్యకు పరిగెత్తాను. ఎవరో నడుం పట్టుకుని వెనక్కి లాగారు. మలుపు దగ్గర ఆయన బండిని వంచాడు. నా టైర్ల మీద ఎంత వంచవచ్చో అంతే వంచాడు, ఒక్క పిసరు ఎక్కువ కాదు.

నల్లటి ముక్కలు నీళ్లలో ఎగిరాయి. చెప్పుల రబ్బరు ముక్కలు. వెనక చక్రం ముందు పోయింది, ఆ తర్వాత ముందుది. బండి పక్కకు పడి, ఆయన ఎడమ కాలిని కింద వేసుకుని, పగలగొట్టి ఉంచిన గోడ దాకా అలాగే జారింది. గోడ దగ్గర వచ్చిన చప్పుడు నేను ఇక్కడ రాయలేను.

వాన ఆపడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ నీళ్లలోనే ఆయన్ని ఎత్తారు. జనమంతా గోడ దగ్గరికి పరిగెత్తారు. రోడ్డంతా రబ్బరు ముక్కలు. చంటి ఒక ముక్క చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశాడు.

“ఇదేంది అక్కా? ఇవి డూప్ టైర్లు కదా, డూప్ బండివి? ఒరిజినల్‌వి హీరోకి, డూప్‌వి డూప్‌కి. గట్లనే కదా అక్కా ఉంటది? మన దగ్గర ఎప్పుడైనా గట్లనే కదా?”

వాణ్ని చంపేద్దామన్నంత కోపం వచ్చింది. మరుక్షణం ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. వాడన్నది అబద్ధం కాదు. కారవాన్ హీరోకి, ప్లాస్టిక్ కుర్చీ డూప్‌కి. గొడుగు హీరోకి, వాన డూప్‌కి. ఇన్నేళ్లుగా ఆ కంపెనీలో ఏ పెట్టె మీద ఏది రాసున్నా అసలైనది ఎవరికి పోతుందో, నకిలీది ఎవరికి పోతుందో వాడు చూస్తూనే ఉన్నాడు. చీటీ చదివినప్పుడు వాడికి అనుమానమే రాలేదు. ఎందుకొస్తుంది?

ఆసుపత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. ఉంచడానికేమీ మిగల్లేదని డాక్టరు చెప్పింది. చిన్న పిల్ల, నాకు చెబుతూ తనే కళ్లు తుడుచుకుంది. హరిణి వరండాలో నేల మీద కూర్చుని ఉంది, తలెత్తలేదు. కంపెనీ వాళ్లు వచ్చి ఖర్చులన్నీ తమవేనన్నారు. టైర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, “ముందు మనిషి కోలుకోనివ్వండమ్మా” అన్నారు.

జేవియర్‌కు తెలివొచ్చాక నన్ను లోపలికి పంపారు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, ఒక పక్క మంచానికి అంటుకుపోయి ఉంది. ఆయన అటు చూడటం లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

“పోలీసాయన వచ్చి వెళ్లాడు జెరూషా. చెప్పేశాను.”

“ఏం చెప్పారు?”

“తప్పు నాదేనని. ఎక్కువ వంచేశాను కాబోలు. లేకపోతే ఎందుకు జారుతుంది?” గొంతు తడారిపోయి ఉంది, మాట మాటకీ ఆగుతున్నాడు. “టైర్ల గురించి అడిగాడు. టైర్లకు వంక పెట్టకండి సార్, అవి మా ఆవిడ ఎంచినవి అన్నాను. రాసుకున్నాడు. బండెక్కే ముందు చంటిగాడు కూడా అడిగాడు, అన్నా ఒకసారి టైర్లు చూసుకుంటవా అని. నేను చూడాల్సిన పనేముందిరా అన్నాను.”

కిటికీ అవతల అంబులెన్సు వచ్చి ఆగింది, ఎవరినో దించుతున్నారు. చెప్పకుండా ఉండిపోతే ఆయనకు నా మీద నమ్మకం మిగులుతుంది, కానీ తన మీద తనకే నమ్మకం పోతుంది. జీవితమంతా తనే తప్పు చేశాననుకుంటూ ఆ మంచం మీద పడి ఉంటాడు. అలా ఉండనివ్వలేను.

“అవి నేనెంచినవి కావండీ” అన్నాను.

ఆయన కళ్లు తిప్పి నా వైపు చూశాడు.

“సుబ్రహ్మణ్యం గారు అంటించిన ముక్కలవి. డూప్ అని రాసుంటే, డూప్ బండికే అనుకుని బిగించేశారు.”

ఆయన నా చెయ్యి వదల్లేదు.

“మరి నువ్వెంచినవి?”

“సృజన్ బండికి ఉన్నాయి.”

అర్థం కానట్టు నన్నే చూశాడు. తర్వాత మెల్లగా, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

“కదలని బండికా?”

“అవునండీ” అన్నాను.